ఖూంటా రాజీనామా

రాజీనామా అన్న మాట పేపర్లో కనిపిస్తే నాకు నవ్వొచ్చేది. ఎవరు చేశారో, ఎందుకు చేశారో చదవకముందే వచ్చేది. "ఇందులో నవ్వడానికి ఏముందమ్మా" అని మా అమ్మాయి విసుక్కునేది. పోయిన నెల నుంచి ఆ నవ్వు రావడం లేదు. ఆయన పోయారని వాళ్ళావిడ ఫోను చేసిన రోజు నుంచి.

ఆయన పేరు రాయను. రాస్తే ఊరుకునే మనిషి కాదు. నంబరు వెయ్యని కాగితం మీద తన పేరు ఎలా పడిందని ఎక్కడున్నా నిలదీస్తారు. ఢిల్లీలో మా ఆఫీసులో ఆయన డిస్పాచ్ గుమాస్తా. బయటికి వెళ్ళే ప్రతి ఉత్తరానికీ నంబరు వేసి, రిజిస్టర్లో ఎక్కించి, కవరు అంటించి పంపడం ఆయన పని. విజయనగరం వైపు మనిషి. నేను బెజవాడ దాన్ని, అదే అంతస్తులో అసిస్టెంటుని. సరోజినీ నగర్ క్వార్టర్లలో ఇద్దరిదీ ఒకే బ్లాకు. వాళ్ళది కింద, మాది పైన. నేను అన్నయ్యగారూ అనేదాన్ని, ఆయన నన్ను అమ్మా అనేవారు. మిగతా ఆఫీసంతా ఆయన్ని 'ఆఠ్ పహర్ వాలే' అనేది.

ఆఠ్ పహర్ అంటే ఎనిమిది ఝాములు. హిందీలో రెండు మూడు నెలలకొకటి వచ్చే బొమ్మల కథల పుస్తకం అది. అందులో ఎనిమిది మంది వీరులు. ఒక్కొక్కరికీ రోజులో ఒక్క ఝామే, అంటే మూడు గంటలే శక్తి ఉంటుంది. ఆ తర్వాత వాళ్ళూ మనలాంటి వాళ్ళే. ఒకరి డ్యూటీ దిగే వేళకి రెండోవాళ్ళు ఎక్కాలి, లేకపోతే ఊరికి ముప్పు. ఒకావిడ తెల్లవారుఝామున పొగమంచు మీద నడుస్తుంది. ఒకడు సాయంత్రం నీడల్ని లాగి తాళ్ళు పేనుతాడు. ఆయన వీరుడు మాత్రం మధ్యాహ్నం పన్నెండు నుంచి మూడు దాకా పనిచేసే ఖూంటా. ఖూంటా అంటే గొడ్డుని కట్టేసే గుంజ. వాడు ఎగరడు, కొట్టడు, నిప్పులు కక్కడు. ఎక్కడ నిలబడితే అక్కణ్ణుంచి వాణ్ణి ఎవరూ కదపలేరు. అంతే వాడి శక్తి.

మొదటిసారి విన్నప్పుడు నేను, "ఇదేం శక్తి అన్నయ్యగారూ, మా అత్తగారికి కూడా ఉందిది" అన్నాను.

ఆయన నవ్వలేదు. పెరుగన్నం ముద్ద చేతిలో అలాగే పట్టుకుని, "కొట్టడం ఎవులైనా కొడతారమ్మా. నిలబడ్డం ఎవులివల్లవుద్ది?" అన్నారు.

ముద్ద గాల్లో ఉందంటే కథ నడుస్తోందని అర్థం. భోజనాల అరగంటలో ఒక సంచిక మొత్తం తెలుగులో చెప్పేవారు. దుర్మార్గులందరికీ మా అండర్ సెక్రటరీ గొంతు పెట్టేవారు. గుంజకి మాత్రం గొంతే పెట్టేవారు కాదు. వాడు మాట్లాడే చోట కాసేపు ఊరుకుని, గడ్డం కొంచెం పైకెత్తి, మళ్ళీ అందుకునేవారు. మాకందరికీ తలొక ఝామూ పంచిపెట్టారు. అయిదున్నరకి సంచీ భుజాన వేసుకుంటాను కాబట్టి నేను సాయంత్రపు నీడలవాణ్ణట. ఆయన సంగతి చెప్పక్కర్లేదు. పన్నెండయ్యేసరికి కుర్చీ వెనక్కి నెట్టి లేచి, మూడు దాకా నిలబడే పనిచేసేవారు. కొత్తగా వచ్చిన వాళ్ళు మొలలేమో అనుకునేవారు.

కొత్త సంచిక దొరికితే మొదటిసారి నిలబడే చదవాలి. అదొక నియమం. "ఆళ్ళు అక్కడ ప్రాణాలు ఒడ్డుతుంటే మనం కూర్చుని చదువుతామేటి?" అనేవారు. చదివాక ఇంటికి తీసుకెళ్ళి గోధుమరంగు కాగితం అట్టవేసి, కుడివైపు పైన ఎర్రసిరాతో నంబరు వేసి, ఫైలు దారంతో కుట్టేవారు. ఆ కాగితం, ఆ దారం, ఆ సిరా అన్నీ సొంతానికి కొన్నవే. ఆఫీసు గుండుసూది చొక్కాకి ఉండిపోయి ఇంటికొస్తే మర్నాడు తెచ్చి డబ్బాలో వేసిన మనిషి.

వాళ్ళావిడకి గుండె జబ్బు. ప్రభుత్వ డిస్పెన్సరీ కార్డు మీద నెలనెలా మందులు వచ్చేవి. ఉద్యోగం, క్వార్టరు, ఆ కార్డు, మూడూ ఒకే ముడి. అది విడిపోతే ఆవిడ ప్రాణమే అని మా బ్లాకులో అందరికీ తెలుసు.

నలభై ఆరో సంచికతో మొదలైంది కథ. ఒక సోమవారం ఆయన నేరుగా నా బల్ల దగ్గరికి వచ్చి, ఆఖరి పేజీ తెరిచి, అడుగున ఉన్న నల్లటి అక్షరాల కింద వేలు పెట్టారు. బొమ్మలో గుంజ వంతెన మీద ఒక్కడూ ఉన్నాడు. ఎదురుగా మాంత్రికుడూ, వాడి సైన్యమూ.

"నీకు హిందీ బాగా వచ్చు కదా. ఇదేటో చదివి చెప్పమ్మా."

నా హిందీ గురించి నాకు కాస్త పొగరుండేది. కూరగాయల బండివాడితో బేరం చేసి గెలిచే హిందీ నాది. గట్టిగానే చదివాను. "అగలే అంక్ మేఁ, ఖూంటా కా రాజీనామా. వచ్చే సంచికలో ఖూంటా రాజీనామా చేస్తాడు అన్నయ్యగారూ."

ఆఫీసు కాగితాల్లో త్యాగ్‌పత్ర్ అంటారనీ, బజార్లో ఇస్తీఫా అంటారనీ నాకు తెలుసు. ఇది మూడో మాట కాబోలు, మన మాటే వీళ్ళకీ ఉందన్నమాట అనుకున్నానే తప్ప ఇంకో ఆలోచన రాలేదు.

ఆయన వేలు తియ్యలేదు. "నేనూ అలగే చదివినానమ్మా. కాదని నువ్వు చెప్తావేమోనని వచ్చినాను" అన్నారు.

ఆ రోజు పన్నెండింటికి ఆయన లేవలేదు. ఇదేం చోద్యం, బొమ్మల పుస్తకంలో వాడు ఉంటే ఎంత, పోతే ఎంత అని నేను పైకే అనేశాను. ఆయన నన్ను చూసిన చూపు ఇప్పటికీ నా మీద ఉంది.

అక్కణ్ణుంచి ఎదురుచూపులు. సరోజినీ నగర్ మార్కెట్లో బట్టల కొట్ల మధ్య, దీపస్తంభం పక్కన, నేల మీద పట్టా పరిచి పాత పుస్తకాలమ్మే ముసలాయన ఉండేవాడు. అందరూ బాబా అనేవారు. ప్రతి శనివారం మాకు సెలవు. ప్రతి శనివారం ఈయన వెళ్ళడం, "ఆయా?" అని వచ్చిందేమో అడగడం, బాబా "ఆయేగా, ఆయేగా" అని వస్తుందనడం. రెండు నెలలు గడిచాయి, మూడు గడిచాయి. ఆయన చిక్కిపోయారంటే నమ్మండి. ఒకరోజు తెలుగులో చిత్తు ఉత్తరం రాసి తెచ్చి, హిందీలోకి మార్చి పెట్టమన్నారు. అచ్చు వేసేవాళ్ళకి. "ఖూంటాగారి రాజీనామాను ఎట్టి పరిస్థితులలోనూ ఆమోదించవద్దని మనవి." నవ్వాపుకుంటూ, రాజీనామా అన్న మాట అలాగే ఉంచి, మార్చి రాశాను. జవాబు రాలేదు.

మార్చి నెలలో ఒక శనివారం మధ్యాహ్నం ఒంటిగంటన్నరకి ఫోను మోగింది.

"అమ్మా, నేను మార్కెట్టు పోలీసు చౌకీలో ఉన్నాను. మీ వదినకి చెప్పకు. కాస్త వచ్చి ఆళ్ళతో హిందీ మాట్లాడాల."

స్టవ్ కట్టేసి ఎలా ఉన్నదాన్ని అలా పరిగెత్తాను. చౌకీ అంటే ఒకటే గది. గోడకి గడియారం, ఒక బల్ల, వెనక హెడ్ కానిస్టేబుల్. అన్నయ్యగారు గది మధ్యలో నిలబడి ఉన్నారు. చొక్కా జేబు చిరిగి వేలాడుతోంది. ఒక బెంచీ మీద చున్నీల కొట్టు ఆవిడ, పక్కన నుదుటికి కట్టుతో ఆవిడ తమ్ముడు. గుమ్మం దగ్గర పుస్తకాల మూట ఒళ్ళో పెట్టుకుని బాబా.

జరిగింది బాబాయే చెప్పాడు. చున్నీలు వేలాడదీసే ఇనప స్టాండు ఆ రోజు వీళ్ళు బాబా పట్టా మీద పెట్టారు. పుస్తకాలు కాలవ వైపు తోసేశారు. సరిగ్గా అప్పుడే ఈయన వెళ్ళారు. ఎవరితోనూ మాట్లాడలేదట. పట్టా మధ్యలోకి వెళ్ళి నిలబడ్డారట. కుర్రాడు తోశాడు, కదల్లేదు. ఇద్దరు కలిసి తోశారు, కదల్లేదు. మూడోసారి పరిగెత్తుకొచ్చి తోయబోయి కుర్రాడే జారి స్టాండు మీద పడ్డాడు. నుదురు చీలింది, నెత్తురు. కొట్టాడని వాళ్ళు కేకలు పెట్టారు. సర్కారు నౌకరు మీద కేసంటే ఏమవుతుందో నాకు తెలుసు.

హెడ్ కానిస్టేబుల్ నన్ను చూసి ఊపిరి పీల్చుకున్నాడు. "మేడమ్, ఆప్ సమ్‌ఝాఓ ఇన్‌కో. రాజీనామా లిఖ్ దేఁ, ఘర్ జాఏఁ."

రాజీనామా రాసి ఇంటికి పొమ్మంటున్నాడు! నాకు ఒళ్ళు మండిపోయింది. "అలా అడగడానికి మీకేం హక్కుంది?" అని హిందీలో గొంతు పెంచాను.

"హక్కా? నేను దారి చూపిస్తున్నాను తల్లీ. రాయకపోతే కేసు రాస్తాను. సర్కారీ ఆద్మీ హై, నౌక్‌రీ జాఏగీ" అన్నాడతను.

ఇక్కడ నా తెలివి చెప్పుకోవాలి. రాయకపోతే ఉద్యోగం పోతుందంటున్నాడు, రాస్తే ఎలాగూ పోతుంది, ఇదేమిటి అని ఎవరికైనా అనుమానం రావాలి. నాకు రాలేదు. పన్నెండేళ్ళ సర్కారు కొలువు నా బుర్రకి వేరే లెక్క నేర్పింది. కేసు పెట్టి డిస్మిస్ చేస్తే జీవితాంతం మచ్చ. తనంత తాను రాజీనామా ఇస్తే మచ్చ ఉండదు. పైగా సోమవారం పొద్దున్నే వెళ్ళి, బలవంతాన రాయించారని చెప్పి వెనక్కి తీసుకోవచ్చు. పాపం, మంచి కోసమే చెబుతున్నాడు కాబోలు అనిపించింది.

"అన్నయ్యగారూ, రాసేయండి" అన్నాను. "వదిన సంగతి ఆలోచించండి. సోమవారం నేను చూసుకుంటాను."

"నువ్వు కూడానా అమ్మా?"

"మరేం చేస్తారు, జైలుకెళ్తారా?"

ఆయన కానిస్టేబుల్ వైపు తిరిగి, "హమ్ నహీ లిఖేగా. మర్ జాయేగా, రాజీనామా నహీ లిఖేగా" అన్నారు, చచ్చినా రాయనని. గడ్డం కొంచెం పైకెత్తారు.

కానిస్టేబుల్ విసుగ్గా రిజిస్టరు ముందుకి లాక్కుని, పెన్ను మూత తీసి, తండ్రి పేరు చెప్పమన్నాడు. అన్నయ్యగారు గోడ గడియారం చూశారు. రెండూ నలభై.

"ఇంకా మూడవలేదు" అన్నారు, నాతో కాదు.

ఆ మాట విని నాకు ఏడుపొచ్చింది. ఈయన ఎక్కడున్నారో అర్థమైంది. వంతెన మీద ఉన్నారు. ఆ బొమ్మలో నెత్తురు కారేది ఎవరికి, మందులు ఆగిపోయేది ఎవరికి అని అరవాలనిపించింది. ఈలోగా ఆయన చిరగని రెండో జేబులోంచి మాత్రల అట్ట ఒకటి తీసి నా చేతిలో పెట్టారు. చెయ్యి వణుకుతోంది.

"మీ వదిన సాయంత్రం మాత్రమ్మా. ఈ నెలకి సరిపోతాయి. తర్వాత ఏటో చూద్దాం."

భయం లేక నిలబడ్డారనుకున్నాను అప్పటిదాకా. కాదు. భయమంతా ఉంది. ఆ చెయ్యి పట్టుకున్నప్పుడు తెలిసింది నాకు. మాత్రలు పిడికిట్లో బిగించుకున్నాను.

అప్పుడు లేచింది చున్నీల కొట్టు ఆవిడ. శనివారం బేరాలన్నీ పోతున్నాయన్న మంట ఆవిడది. బెంచీ మీద అరచేత్తో చరిచి, "అరే భాయీ సాహబ్! మైఁ భీ తో లిఖ్ రహీ హూఁ రాజీనామా! మేరా భాయీ భీ లిఖేగా! ఆప్ అకేలే థోడీ లిఖోగే!" అంది.

తనూ రాస్తానంటోంది ఆవిడ. తమ్ముడు కూడా రాస్తాడట. దేనికి? చున్నీల కొట్టుకి రాజీనామా చేస్తారా?

కానిస్టేబుల్ దగ్గరికి వంగి, అసలు ఏం రాయాలని చాలా మర్యాదగా అడిగాను, "భయ్యా, రాజీనామా మేఁ లిఖ్‌నా క్యా హై?"

అతను నన్ను పైనుంచి కింద దాకా చూశాడు. "యహీ కి ఆపస్ మేఁ ఫైస్‌లా హో గయా. ఔర్ క్యా?"

రాజీ! మాలో మేం రాజీ పడ్డాం అని రాసిచ్చే కాగితమట వాళ్ళ రాజీనామా. మనం కొలువు వదిలేసే మాటతో వాళ్ళు తగాదా వదిలేస్తారు. నాకు నవ్వొచ్చింది. ఆగలేదు. మాత్రల అట్ట నోటికి అడ్డం పెట్టుకుని కళ్ళనీళ్ళొచ్చేలా నవ్వాను. కట్టు కట్టుకున్న కుర్రాడు భయపడి అక్క వైపు జరిగాడు.

"ఉద్యోగం కాదు అన్నయ్యగారూ! రాజీ కాగితం! గొడవ లేదని రాస్తే చాలు, ఇంటికెళ్ళిపోవచ్చు. తప్పు చదివింది నేను!"

ఆయన నవ్వలేదు.

"అయితే గుంజ ఎళ్ళిపోడన్నమాట."

"వెళ్ళడు. ఎక్కడికీ వెళ్ళడు."

మొహం ఒక్క క్షణం వెలిగింది. వెంటనే ఆరిపోయింది. "మరి రాజీ పడతాడా? ఆడా? ఆ మాంత్రికుడితోనా?"

నా తల గోడకేసి కొట్టుకోవాలనిపించింది. "ముందు మీరు రాయండి మహానుభావా!"

"రాద్దాం. బాబా చోటు ఎవులిదని రాద్దాం?"

ఆ గదిలో ఈ ప్రశ్న అడిగింది ఆయనొక్కరే. కేసు తప్పిందని నేను సంబరపడుతున్నాను, కొట్టు తెరుచుకోవచ్చని ఆవిడ సంబరపడుతోంది, పట్టా సంగతి బాబా కూడా ఎత్తలేదు. ఆయన చెప్పడం మొదలుపెట్టారు, నేను హిందీలో రాయడం. దీపస్తంభం నుంచి కాలవ గట్టు దాకా రెండున్నర అంగలు పుస్తకాలది. ఆ రెండున్నర అంగల మీద ఇనప స్టాండు గానీ, చున్నీ గానీ, దాని నీడ గానీ పడరాదు. నీడ తీసేయమని ఆవిడ పట్టుబట్టింది. నీడ తీసేశాం. అంగలు రెండు చెయ్యమంది. ఆయన కదల్లేదు. గడియారంలో మూడుకి అయిదు నిమిషాలు. ఆవిడ బయట కొట్టు వైపు చూసింది, తమ్ముడి కట్టు వైపు చూసింది, ఈయన వైపు చూసింది. "లావో, కహాఁ సైన్ కర్‌నా హై" అని పెన్ను లాక్కుంది.

అందరి సంతకాలూ అయ్యాక ఆయన కాగితం తిప్పి చూసి, "నంబర్?" అన్నారు.

"కౌన్ సా నంబర్?" అన్నాడు కానిస్టేబుల్.

"నంబరు లేని కాగితం కాగితమేటమ్మా, ఈయనకి చెప్పు" అన్నారు నాతో. చెప్పలేదు. జిరాక్సు తీయించి, దాని మీద చౌకీ ముద్ర వేయించి, ఆయన చెయ్యి పట్టుకుని బయటికి లాక్కొచ్చాను. పది అడుగులు వేసి ఫుట్‌పాత్ అంచు మీద ఆయన కూలబడిపోయారు. మూడూ పది అయింది.

"అయిపోనాదమ్మా డ్యూటీ" అన్నారు.

నలభై ఏడో సంచిక రాలేదు. గుంజ రాజీ పడ్డాడో లేదో తెలియలేదు. మేము రాసిన ఉత్తరం అచ్చువాళ్ళు చదివే ఉంటే, రాజీని ఆమోదించవద్దనే చదువుకుని ఉంటారు. తెలియక రాసినా ఆయన కోరేదే రాశాం. ఎండాకాలంలో పాత ఢిల్లీ సందులో ఆ ప్రెస్సు వెతుక్కుంటూ వెళ్ళి వచ్చి, "పుస్తకం ఎయ్యడం ఆపీసారంటమ్మా" అని మాత్రం అన్నారు. ఆ తర్వాత ముద్ద గాల్లో ఆగడం నేను చూడలేదు. కానీ రిటైరయ్యేదాకా పన్నెండింటికి లేచి నిలబడటం మానలేదు. బాబా కూడా చివరిదాకా ఆ రెండున్నర అంగల్లోనే కూర్చున్నాడు.

పోయిన వారం వదిన దగ్గరికి వెళ్ళాను. మాది నోయిడాలో ఈ చివర, వాళ్ళది ఆ చివర. ఎప్పుడు ఆగుతుందో అని మేమందరం బెంగపెట్టుకున్న గుండె ఆవిడది. అదే ఆయన్ని సాగనంపింది. మంచం కింద నుంచి రేకుపెట్టె లాగి, "ఇయ్యేటి చెయ్యాలో నువ్వే చెప్పమ్మా" అంది.

గోధుమరంగు అట్టలు, ఎర్రసిరా నంబర్లు, ఫైలు దారం కుట్లు. ఒకటి నుంచి వరసగా చూసుకుంటూ వెళ్ళాను. నలభై ఆరు తర్వాత చేతికి ఇంకొకటి తగిలింది. పల్చగా ఉంది. కుడివైపు పైన ఎర్రసిరాతో 47.

వచ్చిందన్నమాట, నాకు చెప్పలేదన్నమాట అని ఒక్కసారిగా కోపం వచ్చింది. అట్ట తెరిచాను. లోపల ఒకే ఒక్క కాగితం. చౌకీ ముద్ర ఉన్న జిరాక్సు, నా చేతిరాత. అడుగున ఎర్రసిరాతో, గుండ్రటి ఆఫీసు అక్షరాల్లో, తెలుగులో ఇలా ఉంది. "ఖూంటా రాజీనామా. చోటు ఒదల్లేదు."

"నిలబడే ఉన్నావేటమ్మా, కూర్చో" అని వదిన కుర్చీ జరిపింది.

కూర్చోలేదు. కొత్త సంచిక కదా, మొదటి అక్షరం నుంచి చివరి సంతకం దాకా నిలబడే చదివాను.